పరుపుల ఇంట్లో కారు పందెం

మా ఇంటికి కంప్యూటరు వచ్చిన కొత్తలో నా కారు సరిగ్గా మలుపు దగ్గరే ఆగేది. తెర మీద బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయేది. మళ్ళీ కదిలేసరికి నా ఎర్ర కారు గోడకి గుద్దుకుని పల్టీలు కొడుతూ ఉండేది. వెనకాల వచ్చే కార్లన్నీ దర్జాగా నన్ను దాటుకుని పోయేవి. నాకు ఒళ్ళు మండిపోయేది. బల్ల మీద ఒక్క గుద్దు గుద్ది, లేచి, గదంతా తిరిగి, మళ్ళీ వచ్చి కూర్చునేదాన్ని.

"కాలు కాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు?" అని వంటింట్లోంచి అమ్మ అరిచేది.

మాది చిలకలూరిపేటలో దూదేకులవాళ్ళ ఇల్లు. నాన్న పరుపులు, దిండ్లు కుట్టేవాడు. వీధి వైపు గదిలో తలుపులు బార్లా తెరిచి దూది ఏకే మిషను నడిపేవాడు. దాని పక్క గదిలో కంప్యూటరు, నేను. రెండు గదులకీ మధ్య పాత చీరతో కట్టిన తెర తప్ప ఇంకేం లేదు. మిషను తిరిగిందంటే అన్నంలో దూది నూగు, జడలో నూగు, నాన్న కనుబొమల మీద నూగు. నాన్న దగ్గు కూడా మిషను చప్పుడులాగే మాకు అలవాటైపోయింది. అమ్మకి మాత్రం కాలేదు.

"ఆ మాయదారి మిషన్ని పెరట్లో కొట్టంలోకి మార్చవయ్యా. ముక్కుకి గుడ్డన్నా కట్టుకోవయ్యా. నీ రొమ్ము పాడైపోతంది" అని రోజూ పోరేది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. గుడ్డ కడితే ఊపిరాడదనేవాడు. కొట్టంలోకి పోతే దారిన పోయేవాళ్ళు ఆగరనేవాడు.

కంప్యూటరు బిగించింది మా మేనత్త కొడుకు. బజార్లో కంప్యూటర్ల షాపులో పనిచేసేవాడు. కారు పందెం నాకు నేర్పింది ఆ బావే. షాపులో ఆడితే బావని ఉతికి ఆరేసేదాన్ని. అదే మా ఇంట్లో ఆడితే కంప్యూటరు కార్ల చేతిలోనే ఓడిపోతున్నాను. ఆ సంగతి చెబితే పగలబడి నవ్వాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నదంట! పెట్టె బంగారం మరదలా, నీ చెయ్యే తేడా."

"నోరు ముయ్ బావా. ఆదివారం మా ఇంటికి రా, ఇక్కడే ఆడదాం. తాడో పేడో తేలిపోద్ది."

అనేశాను గాని, ఆ పూట నుంచి నాకు నిద్రలేదు, తిండి లేదు. వైరస్ వెతికాను. వెనకాల నడుస్తున్నవన్నీ ఆపాను. బొమ్మ నాణ్యత తగ్గించుకుంటూ పోతే ఆటలో చెట్లు పోయాయి, నీడలు పోయాయి, చివరికి బోసి రోడ్డు మిగిలింది. ఆగడం మాత్రం పోలేదు. విండోస్ మొత్తం చెరిపి మళ్ళీ ఎక్కించాను. కాలేజీలో లెక్చరరు పాఠం చెబుతుంటే నేను నోట్సు వెనక పేజీలో మలుపులు గీసుకుంటూ కూర్చున్నాను. అన్నిటికన్నా చికాకేంటంటే మొదట కాసేపు ఆట గుర్రంలా పరిగెత్తేది. ఆశ పుట్టించి మరీ ఆగేది!

నా బాధ చూడలేక నాన్న ఒక పని చేశాడు. "నూగు పడతందేమో తల్లీ" అని పెట్టెకి తొడుగు కుట్టాడు. చారల పరుపు గుడ్డ, లోపల పల్చగా దూది, అంచులకి నీలం పైపింగు, బటన్ నొక్కడానికి కాజా కుట్టిన కంత. ఆ పనితనానికి నేను మురిసిపోయాను. ఆ రోజు నుంచి ఆట ఇంకా ఎక్కువగా ఆగింది.

శనివారం పొద్దున ఆడుతూ ఆడుతూ అనుకోకుండా తొడుగు మీద చెయ్యి వేశాను. జ్వరమొచ్చిన ఒళ్ళులా కాలిపోతోంది. తొడుగు లాగి గదిలో విసిరికొట్టాను. నాన్న దాన్ని ఏరుకుని మడత పెట్టాడు. బావకి ఫోన్ చేశాను.

"వేడెక్కితే దానంతటదే నిదానిస్తది. సోమవారం షాపుకి తీసుకురా. నువ్వు విప్పకే, సీలు చినిగితే గ్యారంటీ పోద్ది."

సోమవారమా? పందెం రేపైతే! సీలు చింపేసి, స్క్రూలు విప్పి, పక్క పలక ఊడదీశాను.

ప్రాసెసర్ మీద ఫ్యాను ఉండాల్సిన చోట తెల్లగా ముద్ద కట్టి ఉంది. గోటితో లాగితే నూగంతా ఒక్క తునకగా, బొమ్మ దిండులా ఊడొచ్చింది. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని, బేరానికొచ్చిన దూదిని చూసినట్టు రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"కొత్త పెట్టె గదా ఇది" అన్నాడు. అని దగ్గాడు.

చీర తెర పక్కన నిలబడ్డ అమ్మ ఊరుకోలేదు. "మొన్నొచ్చిన పెట్టెకే ఇంత పడితే, పెళ్ళికి ముందు నుంచీ పీలుస్తున్న నీ రొమ్ములో ఎంతుందయ్యా?"

మధ్యాహ్నం నాన్న వీధిలోవాళ్ళని పిలిచి మిషన్ని పెరట్లో రేకుల కొట్టంలోకి మోయించాడు. "నీ మాటకి కాదు. పిల్ల పెట్టె పాడైపోద్దని" అన్నాడు అమ్మతో.

"ఎవరి మాటకైతే ఏంలే. కదిలింది, అదే పదివేలు" అంది అమ్మ. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం బావ వచ్చాడు. ఆట నూనె పోసినట్టు నడిచింది. ఒక్క మలుపులోనూ ఆగలేదు. బావ ఓడి, నోరెళ్ళబెట్టాడు. నేను ఎగిరి గంతేసి, నాన్నకి చెప్పాలని పెరట్లోకి పరిగెత్తాను.

కొట్టం తలుపు వేసి ఉంది. లోపల మిషను తిరుగుతోంది. నెట్టి చూస్తే నాన్న కనపడలేదు. అంతా తెలుపే. ఆ తెలుపులోంచి దగ్గు వినిపించింది.

"తలుపెందుకేశావు నాన్నా?"

"తీస్తే నూగు ఇంట్లోకొస్తది తల్లీ. నీ పెట్టెకి మంచిది కాదు."

గెలిచిన సంగతి నోటికి రాలేదు. తలుపు పూర్తిగా తెరిచి, గోడ వారనున్న ఇటుక తెచ్చి అడ్డం పెట్టాను. "ఈ ఇటుక తీశావంటే నా మీద ఒట్టే. పెట్టె మురికైతే విప్పి తుడుచుకుంటా. నిన్నెట్టా విప్పను?" అని అరిచాను. ఏడుస్తూనే అరిచాను.

కొన్నాళ్ళకి పెట్టెలో నూగు చేరి కారు మళ్ళీ మలుపుల దగ్గర ఆగడం మొదలుపెట్టింది. స్క్రూలు విప్పేదాన్ని, తుడిచేదాన్ని, మళ్ళీ ఆడేదాన్ని. అది ఆగినా నాకు కోపం వచ్చేది కాదు. ఎప్పుడైనా ఆట చాలా రోజులు ఆగకుండా నడిస్తేనే కాళ్ళు నిలిచేవి కావు. పందెం మధ్యలో వదిలేసి పెరట్లోకి పరిగెత్తేదాన్ని, ఇటుక పెట్టినచోటే ఉందో లేదో చూడటానికి.