ఇద్దరు పిల్లల అర్హత

మూడో బిడ్డను కనే స్తోమత మనకు లేదని మా ఆవిడకు నేను చెప్పిన ఏడాది మా పత్తి బాగా పండింది. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కొంత తేలిక.

అప్పటికి మాకొక కొడుకు, ఒక కూతురు. ఊరి దృష్టిలో సంసారం పూర్తయినట్టే. ఇక ఎవరైనా అడగాల్సింది ఆపరేషన్ ఎప్పుడని మాత్రమే. మా వైపు రెండో కాన్పుతో పాటే అది కూడా చేయించుకుని ఇంటికొస్తారు, సంతకు పోయి ఉప్పూ పప్పూ ఒకే సంచిలో తెచ్చుకున్నట్టు. మా ఆవిడకు రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ వాయిదా వేసి, మూడు నెలల తర్వాత రమ్మంది. ఆ మూడు నెలలు మూడేళ్లయ్యాయి. ఊరి ఆశా కార్యకర్త నెలకోసారి వచ్చి గడపలో కూర్చునేది.

"ఏందక్కా, నా లిస్టుల నీ పేరొక్కటే మిగిలింది. మీటింగుల నన్ను నిలబెట్టి అడుగుతున్నరు" అనేది.

మా ఆవిడ చాయ్ ఇచ్చి పంపేది.

కారేపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట మా ఊరు. నాకు అక్కడ మూడెకరాల చెలక, ఖమ్మంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పే ఉద్యోగం ఉన్నాయి. రెండూ కలిపితే ఒక జీతం అవుతుంది. పింఛను దరఖాస్తులు నింపిపెట్టడం, సభల్లో నాలుగు మాటలు మాట్లాడి నవ్వించడం వల్ల ఊళ్లో నాకు కొద్దిగా పేరుండేది. ఆ పేరు మీద మా చిన్నాయన కన్నుపడింది.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. ఆయనకు పంచాయతీ అంటే ప్రాణం. అయితే ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవాళ్లు పంచాయతీ ఎన్నికల్లో నిలబడటానికి వీల్లేదన్న నిబంధన ఒకటి ఉండేది. ఆయనకు నలుగురు, ఆఖరిది ఆ నిబంధన వచ్చాకే పుట్టింది. ఆ రకంగా ఆయన రాజకీయ జీవితం ఇంట్లోనే ముగిసిపోయింది. ఇక వారసుణ్ణి వెతుక్కోవాలి కదా. చాయ్ హోటల్ ముందు బల్ల మీద కూర్చుని, ఊళ్లో చదువుకున్నవాళ్లలో ఇద్దరే పిల్లలున్నవాళ్లెవరని వేళ్లు మడిచేవాడు. మొదటి వేలు నేను. రెండో వేలు మడిచే అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు.

"చదువుంది, నోరుంది, ఇద్దరే పిల్లలున్నరు. ఇంకేం గావాల్రా సర్పంచుకు?" అన్నాడొకసారి.

నాకు ఆ యావ లేదన్నాను. రెండో చాయ్ తాగుతూ మళ్లీ అదే అన్నాను. ఆ నెలలో రెండు తెల్ల ఖద్దరు చొక్కాలు కుట్టించుకున్న మాట నిజమే. అది ఎండలకు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆవిడ అడిగింది. ఒక ఆదివారం పిల్ల పొట్టి గౌన్లన్నీ ఉతికి, మడతలు పెట్టి పెట్టెలో సర్దుతోంది. వాళ్లక్క కూతురు నెల తప్పిందని, ఆ బట్టలు పంపమని కబురొచ్చింది. పంపుతోందనుకున్నాను.

"ఇయ్యి ఎవ్వరికియ్య" అంది.

"ఎందుకు?"

"మనకు ఇంకొకలు గావాలె."

"అయ్యో, ఊయల కిరాయికిద్దామనుకుంటి గదనే" అన్నాను.

నవ్వింది. నా మాటకు ఎదుటివాళ్లు నవ్వితే ఆ సంగతి తేలిపోయినట్టే అనుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. నేను చేలోకి వెళ్లిపోయాను. ఆమె పెట్టెకు తాళం వేసుకుంది.

ఎందుకు కావాలో ఆమె పెద్దగా వివరించలేదు. మగపిల్లవాడి కోసమా అంటే ఉన్నాడు. ఆడపిల్ల కోసమా అంటే అదీ ఉంది. ఊళ్లో ఎవరికీ అర్థంకాని కోరిక అది. కారణం లేని కోరికను కాదనడానికి కూడా కారణం దొరకదని నాకప్పుడు తెలియదు. ఆర్నెల్లలో మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఏదో ఒకటి అని నవ్వించాను. నాలుగోసారి నవ్వలేదు. అప్పుడు కాగితం తీశాను.

కాలేజీ పిల్లల పరీక్ష పేపర్ల వెనక వైపు ఖాళీగా ఉంటుంది. దాని మీద ఒక బిడ్డకయ్యే బడి ఫీజులు, వ్యాన్ కిరాయి, పుస్తకాలు, జ్వరాలు, రేపటి ఇంటరు, ఆ పైన చదువు అన్నీ రాశాను. కింద గీత గీసి, ఇదంతా మూడుసార్లు అన్నాను. పత్తి అమ్మిన డబ్బు సంగతి ఆ కాగితం మీదికి రాలేదు. జాగా సరిపోలేదు.

ఆమె కింద కూర్చుని కందులు చెరుగుతోంది. కాగితం వైపు చూడలేదు.

"పాలు ఇంటియే. బట్టలు పెట్టెల ఉన్నయ్. ఊళ్లె సర్కారు బడుంది, అంగన్‌వాడుంది. పెద్దోని పుస్తకాలు చిన్నదానికి వస్తలేవా?"

"ఉన్న ఇద్దర్నన్న మంచిగ చదివిద్దాం అంటున్న."

"మా నాయన ముగ్గుర్ని సాదిండు. అశ్వారావుపేట తోటలల్ల పామాయిల్ గెలలు మోసి సాదిండు."

"ఆ రోజులు వేరు."

"ఏ రోజులైతేంది. మూడోది బరువు అంటున్నవ్ గదా." చాట కింద పెట్టింది. "నేను మూడోదాన్నే."

ఆ మాటకు ఊరుకున్నవాడు మనిషి. నేను ఊరుకోలేదు.

"అందుకే గదా మీ నాయన నాకిచ్చి బరువు దించుకున్నడు" అన్నాను.

నేను అన్న వందల మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించేది అదొక్కటే అని చెబితే అబద్ధమవుతుంది. కానీ మొదటిది అదే. ఆమె మళ్లీ చాట అందుకుంది. కందుల్లో రాళ్లు ఏరుకుంది. ఆ కందుల పప్పులో మా వాడి పంటికింద ఒక్క రాయి కూడా పడలేదు.

నిజం బయటపెట్టింది చిన్నాయన, అదీ సాయం చేద్దామని వచ్చి. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. మా ఇంట్లో నలుగుతున్న సంగతి ఆశా కార్యకర్త ద్వారా ఊరికి, ఊరి ద్వారా ఆయనకు తెలిసింది. పొద్దున్నే వచ్చి మంచం మీద కూర్చుని మా ఆవిడను పిలిచాడు.

"ఏం బిడ్డా, ఇంకొకల్ని కంటనంటున్నవట. కను. నేను వద్దంటలేను. పేరు మాత్రం నా చిన్నకొడుకు రేషన్ కార్డుల ఎక్కిద్దాం. ఆళ్లకు ఒక్కతే గదా. ఈని సర్పంచు పదవి అయిపోయినంక మీ కార్డులకు మార్చుకుందురు."

ఆయన మాట తేలిగ్గా తీసేయాల్సింది కాదు. చుట్టుపక్కల ఊళ్లలో అలా మేనమామల కార్డుల్లో, పెదనాన్నల కార్డుల్లో పెరిగిన పిల్లలు ఉన్నారు. బడిలో హాజరు పిలిచినప్పుడు వేరే తండ్రి పేరు విని 'ప్రెజెంట్ సార్' అని, సాయంత్రం సొంత ఇంటికి అన్నానికి వచ్చేవాళ్లు. ఊరందరికీ తెలుసు. అడిగే ఆఫీసరుకు కూడా తెలుసు.

"కన్నది నేనైతే పేరు ఇంకోళ్ల కార్డులెందుకుంటది మామా?" అంది మా ఆవిడ.

"పేరే గదా బిడ్డా. పిల్ల నీ దగ్గర్నే ఉంటది."

"పేరే గదా అంటే నీ పిల్లలల్ల ఇద్దరి పేర్లు తీసేయించి నువ్వే నిలబడు మామా ఎలక్షన్ల."

చిన్నాయన పెద్దగా నవ్వాడు. ఆమె నా వైపు చూసింది. నేను చాయ్ గ్లాసులోకి చూశాను. అందులో పెద్దగా ఏమీ లేదు.

ఆయన వెళ్లాక గడప దగ్గరే నిలబడి అడిగింది.

"పైసలు గాదన్నమాట."

"అదీ ఉంది. ఇదీ ఉంది."

"సారూ." కోపమొస్తే నన్ను సారూ అంటుంది. "పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పకు. వద్దని ఒక్కమాట చెప్పు. నీ నోటితోని చెప్పు. నేనింక అడగ."

అప్పుడు వద్దని చెప్పి ఉండాల్సింది. లేదా కుర్చీ ఎవడిక్కావాలె అని ఉండాల్సింది. ఆ రెంటిలో ఏది అన్నా ఇవాళ ఈ నాలుగు పేజీలు రాసే పని తప్పేది. నేను "చూద్దాం" అన్నాను.

ఆ వారంలోనే ఒక పొద్దున పిల్లల్ని బడికి పంపి, తల దువ్వుకుంటూ చెప్పింది.

"ఇయ్యాల దవాఖానకు పోతున్న. ఆశా వస్తది తోడు."

ఎందుకో నేను అడగలేదు. తెలుసు.

"నన్ను రమ్మంటవా?" అన్నాను. వద్దు అనే జవాబు వచ్చేలా అడగడం కూడా ఒక విద్యే.

"ఎందుకు. నీకు మీటింగుంది గదా."

నిజంగానే ఉంది. కుల పెద్దల్ని చాయ్ హోటల్ దగ్గర కూర్చోబెట్టాడు చిన్నాయన. నేను తెల్ల చొక్కా వేసుకుని గ్రామ స్వపరిపాలన గురించి మాట్లాడాను, బాగా మాట్లాడానని అందరూ అన్నారు. మర్నాడు మధ్యాహ్నం నేను అక్కడే కూర్చుని ఉండగా, మా ఆవిడను ఇంటికి తెస్తున్న ఆటో ఆ హోటల్ ముందు నుంచే నెమ్మదిగా పోయింది. గుంతల దగ్గర డ్రైవరు ఆగి ఆగి పోనిస్తున్నాడు. ఆశా కార్యకర్త లోపలి నుంచి నాకు చెయ్యి ఊపింది. ఆమె లిస్టు పూర్తయింది.

రిజర్వేషన్ల జాబితా ఆ తర్వాత వచ్చింది. మండల ఆఫీసు గోడకు అంటించారు. మా పంచాయతీ ఎస్టీ మహిళకు కేటాయించారు.

రిజర్వేషన్ మారుతూ ఉంటుందని పదేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న. అది మా ఊరికి కూడా వర్తిస్తుందని నాకు ఒక్కసారైనా తట్టలేదు. చాయ్ హోటల్లో అందరూ నా మొహం వైపు చూస్తుంటే, "నేను ఎస్టీనీ కాదు, మహిళనీ కాదు. ఒక్కటి తక్కువైతే ప్రయత్నం చేద్దును" అన్నాను. బాగా నవ్వారు. ఇంటికొచ్చి ఆ మాట అనలేకపోయాను.

"సీటు మనకు రాలేదు" అన్నాను.

మా ఆవిడ బర్రెకు కుడితి పెడుతోంది.

"అట్లనా" అంది.

అంతే. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనడానికి నాకు మాటలుండేవి.

ఆ దసరాకు పెట్టె తెరిచి గౌన్లన్నీ వాళ్లక్క ఇంటికి పంపింది. సినిమాల్లో అయితే ఒక చిన్న చొక్కా ఎక్కడో మిగిలేది. మా ఇంట్లో ఏదీ మిగల్లేదు. పెట్టెలో ఇప్పుడు కందులు పోస్తున్నాం.

సర్పంచుగా వాగవతలి గూడెం నుంచి ఒకామె గెలిచింది. నేను చేసేదానికంటే బాగానే చేసింది. వాగు మీద కల్వర్టు వేయించింది. నేనైతే కల్వర్టు మీద మంచి ఉపన్యాసం ఇచ్చి ఉండేవాణ్ణి.

ఏళ్లు గడిచాయి. మా వాడు పాలిటెక్నిక్‌లో చేరాడు, పిల్ల పదో తరగతికి వచ్చింది. ఆ పేపరు వెనక నేను రాసిన ఖర్చులన్నీ వచ్చాయి, తీరాయి. మూడోసారి కూడా తీరేవేమో. ఆమె నన్నెప్పుడూ ఆ లెక్క అడగలేదు.

మొన్నటి ఎన్నికలకు ముందు ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేశారు. పేపర్లో చదివి మడిచి పెట్టేశాను. ఆమె కూడా చదివే ఉంటుంది. మా ఇంట్లో పేపరు మొదట చదివేది ఆమే. ఈసారి మా పంచాయతీ జనరల్ మహిళకు వచ్చింది. చిన్నాయన కర్ర పట్టుకుని మళ్లీ వచ్చాడు, ఈసారి ఆమె కోసం.

"నువ్వు నిలబడు బిడ్డా. అందరు నీ మాటింటరు."

"వద్దు మామా. ఇంట్ల ఒకలు నిలబడిందే సాలు" అంది.

నేను అసలు నిలబడనే లేదని గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మా వెనక వీధి ఆవిడ గెలిచింది. వరసకు మా ఆవిడకు వదిన. ఆమెకు నలుగురు పిల్లలు. ప్రమాణం రోజు చిన్నదాన్ని చంకనేసుకునే పంచాయతీ ఆఫీసుకు వచ్చింది. దానికి ఏడాదిన్నర ఉంటుంది. కార్యదర్శి ప్రమాణం కాగితం చేతికివ్వగానే పిల్ల ఏడుపు అందుకుంది. కాగితం పట్టుకోవాలా, పిల్లను పట్టుకోవాలా తెలియక కొత్త సర్పంచ్ అటూ ఇటూ చూసింది. ముందు వరసలో మగవాళ్లందరం గంభీరంగా కూర్చుని ఉన్నాం. వెనక నుంచి మా ఆవిడ లేచి వచ్చి చేతులు చాచింది.

పిల్ల ఆమె భుజం మీద తల పెట్టి ఏడుపు ఆపింది. ప్రమాణం అయిపోయింది. దండలు వేశారు. సర్పంచ్ పిల్ల కోసం చేతులు చాపితే అది మొహం అటు తిప్పుకుని మా ఆవిడ గొలుసు పట్టుకుంది.

"ఉండనియ్ వదినా. నీ మీటింగ్ కానియ్యి" అంది మా ఆవిడ.

మీటింగు రెండు గంటలు సాగింది. ఆమె కుర్చీలో కూర్చోలేదు. గోడ పక్కన మెల్లగా అటూ ఇటూ నడుస్తూ, వీపు మీద తడుతూ ఉంది. పిల్ల నిద్రపోయాక కూడా దించలేదు. చిన్నాయన నా చెవి దగ్గరికి వంగాడు.

"రూలు తీసేసినంక మస్తు మందికి చాన్స్ దొరికిందిరా."

"అవ్ చిన్నాయనా."

ఇంకేమైనా అంటానేమో అని నా మొహం వైపు చూశాడు. నోటి చివర ఒక మాట ఉంది. బాగానే నవ్వించే మాట. మింగేశాను. అలవాటు లేని పని కదా, కొంచెం కష్టమైంది.

తిరిగి వస్తుంటే దారిలో ఆమె మోచేయి రుద్దుకోవడం చూశాను.

"రెండు గంటలు ఎత్తుకున్నవ్. చెయ్యి గుంజుతుందా?" అన్నాను.

"ఎంత బరువుందని" అంది.

కల్వర్టు దాటాం. బర్రెకు నీళ్లు పెట్టే వేళయిందని ఆమె నాకంటే ముందు నడిచింది.