నాగరత్నక్క అంగట్లో ఆగని బ్లేడు

ధర్మవరంలోని నా పటాల అంగట్లో మొన్న కోత మిషను స్విచ్చి వదిలాక కూడా బ్లేడు సుయ్యిమంటూ తిరుగుతూనే ఉంది. వేలు తీయగానే టక్కున ఆగాల్సింది. ఆ ఈల చెవిన పడగానే నా చేయి దానంతటదే పోయి ప్లగ్గు పీకేసింది. విప్పి చూస్తే మోటారుకు కరెంటు అందించే కార్బన్లు అరిగిపోయాయి, అంతే. కొత్తవి వేశాను, బ్రేకు పడింది. పనైతే అయిపోయింది గానీ ఆ ఈల మాత్రం రోజంతా నన్ను నాగరత్నక్క ముందు నిలబెట్టింది.

నాగరత్నక్క నాకు ఈ పని నేర్పిన మనిషి. హిందూపురంలో ఆమెకు పటాలు కట్టే అంగడి ఉండేది. దేవుళ్ల పటాలు, పెళ్లి ఫొటోలు, పోయినవాళ్ల ఫొటోలు, అన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. చట్రం మూలలు సరిగ్గా కలవాలంటే చెక్కను ఏటవాలుగా కోయాలి. అందుకోసం బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన మిషను ఒకటి తెచ్చుకుంది. ముక్కు మీదే కోపం. ఇంట్లో కన్నడం, అంగట్లో తెలుగు. తిట్టడానికి మాత్రం ఆ రెండూ ఆమెకు చాలేవి కావు. నేను పెనుకొండ నుంచి రోజూ బస్సులో వచ్చి పనిచేసేదాన్ని.

మొదటిరోజే మిషను పక్కన నిలబెట్టి చెప్పింది. "చూడు పద్మా, స్విచ్చి వదిలితే పనైపోయిందనుకోవద్దు. బ్లేడు నిలిచేదంకా ముక్క ముట్టొద్దు. కోస్తాండేది చెక్కనా, చేతి ఏలా అని దానికేం తెలుసు?"

"నిలవకపోతే ఏం చేయాలక్కా?"

"ప్లగ్గు పీకి నన్ను పిలువు. నీ శూరత్వం ఈడ చూపించాకు."

ఆ మిషన్లో బ్రేకంటే వేరే ఏదో బిగించి ఉండదు. స్విచ్చి వదలగానే మోటారే బ్లేడును పట్టి నిలుపుతుంది. కార్బన్లు లోపలి రాగి చక్రానికి శుభ్రంగా తాకుతుంటేనే అది జరుగుతుంది. ఇదంతా ఆమె విప్పి చూపించి నేర్పింది. కొన్నాళ్లకు మిషను బాగోగులు నాకే అప్పగించింది. ఆ నమ్మకానికి నేను లోలోపల ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఒక దసరాకు ముందు కార్బన్లు నేనే మార్చాను. ఆయుధపూజకు నేను ఇంట్లోనే ఉండిపోయాను. పండగ అయ్యాక అంగడి తీసిన పొద్దున, మాతో పనిచేసే వెంకటేశు ఒక ముక్క కోసి, స్విచ్చి వదిలి, అలవాటు కొద్దీ చేయి పెట్టాడు. బ్లేడు ఆగలేదు. వేలు తెగి కొత్త చట్రం మీద రక్తం పడింది. పటాల కోసం వచ్చిన టైలరు బాషా, పూలమ్మే అంజినమ్మ అక్కడే ఉన్నారు. నాగరత్నక్క గుడ్డతో వాడి వేలు చుట్టి, నా వైపు తిరిగింది.

"కార్బన్లు ఏసింది ఎవురు?"

"నేనేక్కా. సరిగానే ఏసినా."

"సరిగా ఏసింటే వాని ఏలు ఎందుకు తెగుతుంది? నిన్ను నమ్మి మిషను చేతికిచ్చినా చూడు, నాది బుద్ధి తక్కువ. ఇంక ఈ మెట్టెక్కొద్దు, పో!"

అందరి ముందూ తల తీసేసినట్టయింది. నా నోరూ తక్కువదేం కాదు గానీ, ఆ రక్తం చూశాక సంచి తీసుకుని మెట్టు దిగేశాను. బస్సులో పెనుకొండ దాకా ఏడుస్తూనే ఉన్నాను. మనిషి వేలు తెగగొట్టిందని పేరు పడితే ఏ అంగట్లోనూ నన్ను మిషను దగ్గరికి రానివ్వరు. అంతకన్నా, నిజంగానే నా చేతి తప్పేమోనన్న అనుమానం నన్ను తినేసింది. వేసిన ప్రతి స్క్రూనూ మనసులో మళ్లీ విప్పి చూసుకునేదాన్ని.

నాలుగైదు రోజులకు నేను వీధి కుళాయి దగ్గర నీళ్లు పడుతుంటే నాగరత్నక్క వచ్చి నిలబడింది. కుళాయి చుట్టూ ఆడవాళ్లున్నారు. పక్కకు పిలవలేదు, గొంతూ తగ్గించలేదు.

"స్విచ్చి మార్పించినా, నిలవల్యా. కార్బన్లు పీకి చూస్తే కొత్తవే, నిండుగా ఉండాయి. ఏలితో రుద్దితే జిడ్డు. వాసన చూస్తే కొబ్బరినూనె! పూజకు మిషను మెరవాలని పైనంతా పూసి, మోటారు గాలి సందుల్లోకీ పోసింది నేనే. పెట్రోలు గుడ్డతో లోపలంతా తుడిచి ఏరే కార్బన్లు ఏస్తే టక్కున నిలిచింది. నువ్వు సరిగానే ఏసినావు పద్మా. భక్తి ఎక్కువై చెడగొట్టింది నేను."

నాకు ఒక్కసారిగా గుండె తేలికైంది, ఆ వెంటనే కడుపు మండింది. "ఆ పొద్దే విప్పి చూసి అనింటే ఏమక్కా?" అనేశాను.

"చూడల్యా. అందుకే కదా బస్సెక్కి వచ్చింది."

"సరేలే, ఇంట్లోకి రా, కాఫీ తాగుదువు."

"తాగుతా. కానీ ఇంతటితో అయిపోల్యా. రేపు అంగడికి రా."

మర్నాడు పోయేసరికి బాషా, అంజినమ్మ ఇద్దరూ అంగట్లో కూర్చుని ఉన్నారు. చేతికి కట్టుతో వెంకటేశు కూడా. బాషాకు ఏమీ అర్థం కాలేదు. "ఏమక్కా, నా పటం ఎప్పుడో ఇస్తివి కదా?"

"పటం కాదప్పా. ఆ పొద్దు నేను పద్మను అన్న మాటలు నువ్వు ఇన్నావు. ఇవి కూడా ఇని పో." నూనె సంగతంతా మళ్లీ మొదటి నుంచి చెప్పింది. వెంకటేశు వైపు తిరిగి, "నీ ఏలు తెగింది నా వల్లరా, పద్మ వల్ల కాదు" అంది. 

"ఈ మాట కోసం నా అంగడి మూయిస్తివా తల్లీ!" అని బాషా నవ్వాడు. అంజినమ్మ నవ్వలేదు. గంపలోంచి మూర మల్లెపూలు తీసి నా జడలో పెట్టింది. నేను మిషను దగ్గరికి పోయి ప్లగ్గు పెట్టాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు అక్కడే పనిచేశాను. ఆమె తిట్లు తగ్గాయా అంటే, లేదు. ఇప్పుడామె లేదు. ఆ కోపం మాత్రం నాకు బాగానే అంటింది, మా అంగట్లో పనిచేసేవాళ్లను అడిగితే చెబుతారు. అయితే ఎవరినైనా నాలుగు మాటలు అనబోయే ముందు, చుట్టూ ఎవరెవరు నిలబడి ఉన్నారో ఒకసారి చూసుకుంటాను. తప్పు నాదని తేలితే వాళ్లందరినీ మళ్లీ పిలిపించాలి కదా.