లలితమ్మ గారూ, ఉప్పు తిన్న కారూ

అక్టోబరు నెలాఖరుకల్లా నా ఒంటినిండా గొర్రె వాసన వేస్తుంది. పదో తరగతి సగంలో బడి మానేసిన రోజున మా లెక్కల మాస్టారు "సూరిబాబూ, నువ్వు గొర్రెవిరా" అన్నారు. ఆయన మాటకు తగిన వాసన రావడానికి మాత్రం ఇన్నేళ్లు పట్టింది. ఇది గొర్రె ఉన్నినుంచి తీసే జిడ్డు నూనె వాసన. అమెరికాలో నేపర్‌విల్ ఊరి శివార్లలో అద్దెకు తీసుకున్న షెడ్డులో, తొలిమంచు పడకముందే పాత కార్లను పైకెత్తి, తుప్పు పట్టకుండా అడుగున ఆ నూనె కొట్టడం నా పని. చలికాలమంతా ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు కారు అడుగుకు చేరి ఇనుమును నమిలేస్తాయి. పైకి మాత్రం కారు పెళ్లికొడుకులా మెరుస్తూనే ఉంటుంది. ఏటా మొదటి కారు కింద నూనె తుంపర లేచి ముక్కుకు తగలగానే నాకు లలితమ్మ గారు గుర్తుకొస్తారు. మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. నష్టం మీదే.

మా ఆవిడ పద్మ నర్సు. ఆమె ఉద్యోగం పట్టుకుని అమెరికా వచ్చింది, నేను ఆమె కొంగు పట్టుకుని వచ్చాను. ఇండియన్ కిరాణా కొట్లో బస్తాలు సర్దే పనిలో చేరాను గానీ, కస్టమర్లతో కబుర్లు ఎక్కువై, సర్దిన బస్తాలు తక్కువై, ఆ పని పోయింది. పద్మ పనిచేసే హాస్పిటల్ దూరం. రైలు అటు వెళ్లదు, బస్సు లేదు. కారు కదిలితేనే జీతం. అందుచేత ఇంట్లో నాకు మిగిలిన ఒకే ఒక్క ఉద్యోగం ఆ కారును చూసుకోవడం. ఆ మొదటి కారులో డ్రైవరు కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తితే రోడ్డు కనిపించేది. అద్దంలోంచీ కాళ్ల సందులోంచీ కూడా రోడ్డు చూసుకుంటూ నడిపేది ఈ ఊళ్లో నేనొక్కణ్నేనని దొరికినవాళ్లందరికీ చెప్పుకునేవాణ్ని. అందరూ నవ్వేవారు. పద్మ మ్యాట్ సర్దుకుని డ్యూటీకి వెళ్లేది.

లలితమ్మ గారు మా అపార్ట్‌మెంట్‌లో కింది వాటాలో కూతురు స్వాతితో ఉండేవారు. అరవై దాటిన మనిషి. విశాఖపట్నంలో హార్బరు దగ్గర పుట్టి పెరిగారు, ఇక్కడ స్కూలు పిల్లల వ్యాను నడిపేవారు. ఒక శనివారం పొద్దున పార్కింగ్‌లో ఒక కారు కిందనుంచి రెండు బూట్లు బయటికి కనిపించాయి. ఆవిడ ఖాళీ బియ్యం సంచి పరుచుకుని, దాని మీద వెల్లకిలా పడుకుని, టార్చిలైటు వేసి కారు కడుపు పరీక్ష చేస్తున్నారు. గోదావరి జిల్లాలో పుట్టినవాణ్ని, ఊరుకుంటానా?

"పిన్నిగారూ, ఏమైనా పారేసుకున్నారా?"

"నీ కారులోంచి రాలినవే ఏరుతున్నాను బాబూ. సంచి నిండాక పిలుస్తాను, వచ్చి పట్టుకుపో."

ఆవిడ లేచి, సంచి దులుపుకుని, తిన్నగా మా కారు దగ్గరికొచ్చి దాని కింద పరిచారు. కాసేపటికి బయటికొచ్చిన ముఖంలో వెటకారం లేదు.

"బ్రేకు గొట్టం ఎప్పుడైనా చూశావా? తుప్పు పట్టి పొరలు లేచిపోతోంది. తెగిందంటే పెడల్ ఎంత తొక్కినా కారు ఆగదు. రేపు దీంట్లో ఎవరెళ్తారు?"

"పద్మండీ."

"వెళ్లనివ్వకు" అన్నారు. అంతే. మర్నాడు పద్మ తోటి నర్సు కారులో వెళ్లింది, మా కారు తుక్కు సామాను యార్డుకు వెళ్లింది.

రెండో కారును కాలిఫోర్నియాలోని డబ్లిన్‌నుంచి తెప్పించాం. తెలిసినవాళ్లు ఇండియా వెళ్లిపోతూ అమ్మారు. పాతదే అయినా ఉప్పు మొహం ఎరగని కారు. లలితమ్మ గారు దాని కింద దూరి, "పసిపిల్లలా ఉంది. తీసుకొచ్చి ఉప్పులో దింపావు, ఇక పూచీ నీదే" అన్నారు. పద్మ పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించింది. పిన్నిగారు భక్తిగా దణ్ణం పెట్టుకుని నా వైపు తిరిగారు. "దేవుడు పైనుంచి చూసుకుంటాడు బాబూ. కిందనుంచి చూడాల్సింది నువ్వు."

చూశాను. చూసి ఒక ఘనకార్యం చేశాను. పాత కారు కన్నానికి బెదిరిన కళ్లు కదా, కొత్త కారు తలుపుల అడుగంచున చిన్న చిన్న కన్నాలు కనిపించేసరికి తుప్పు అప్పుడే మొదలైందనుకున్నాను. అమెరికా వచ్చేటప్పుడు మా నాన్న నా సూట్‌కేసులో ఆవకాయతో పాటు, కారే కుళాయిలకు పెట్టే సీలు ముద్ద కూడా పెట్టారు. పరాయి దేశంలో కుళాయి కారితే పిల్లాడు ఏమైపోతాడని ఆయన బెంగ. ఆ ముద్దను బూరెల పిండిలా పిసికి, కన్నం కన్నానికీ కూరి, బొటనవేలితో నున్నగా అద్దాను. చీమ కూడా దూరదని మురిసిపోయాను. వానలు పడ్డాయి. మలుపు తిరిగినప్పుడల్లా తలుపులో గుడుగుడుమని చప్పుడు. "ఏవండీ, ఇందులో కడవ ఏమైనా పెట్టారా?" అంది పద్మ. "దారిలో దాహమేస్తే ఉంటుందని" అన్నాను. తర్వాత చలి ముదిరింది. ఒక పొద్దున తలుపులో నీళ్లు గడ్డకట్టి అద్దం దిగలేదు, గడియ పడలేదు. పద్మ యూనిఫామ్ మీద కోటు వేసుకుని, మంచులో నిలబడి, డ్యూటీకి ఆలస్యమవుతోందని ఫోన్లు చేసుకుంది. సాయంత్రం వచ్చాక కోప్పడలేదు. "నన్ను నవ్వించడం మీకు తేలికే. మిమ్మల్ని నమ్ముకోవడమే నాకు కష్టంగా ఉంది" అంది, నెమ్మదిగా, గిన్నెలు సర్దుతూ. తిడితే ఏదో ఒక జోకుతో దాటేసేవాణ్ని. ఆ మాటను దాటడానికి దారి లేదు.

మర్నాడు ఎండ కాసాక లలితమ్మ గారు చూసి నిట్టూర్చారు. "అవి కంపెనీవాడు పెట్టిన కన్నాలు నాయనా. అద్దం పక్కనుంచి దిగిన వాననీళ్లు కారిపోవడానికి. నీళ్లు వచ్చే దారి మూస్తే తెలివంటారు. పోయే దారి మూస్తే ఏమంటారు?"

"సూరిబాబు అంటారండీ."

"చలికాలమంతా అనిపించుకోకు. తియ్యి ఆ ముద్ద."

ఆవిడ తియ్యలేదు. నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి పక్కన నిలబడ్డారు. రాయిలా గట్టిపడిన ముద్దను పెళ్లగిస్తుంటే, మంచునీళ్లు చొక్కా చేతిలోంచి చంకదాకా వెళ్లాయి. నేను ఒణుకుతుంటే ఆవిడ హార్బరు దగ్గరి తమ వీధి సంగతి చెప్పారు. సముద్రం గాలికి అక్కడ ఇనుప ఊచలున్న కిటికీని చంటిపిల్లలా సాకాలట. వానలకు ముందు వాళ్లమ్మ పాత చీర ముక్క నూనెలో ముంచి ఒక్కో ఊచా తుడిచేదట, పిల్లలచేత తుడిపించేదట. "మేం విసుక్కుంటే, 'ఉప్పుగాలి రోజూ వస్తుంది, మీరు ఒక్కరోజు వస్తే సరిపోతుందా' అనేది" అన్నారు. ఆ చలికాలం నేను రోజూ వచ్చాను. మంచు పడితే గీకాను. చలి కాస్త సడలిన రోజున కార్‌వాష్‌కి తీసుకెళ్లి, పైన కడగకపోయినా ఫరవాలేదు, కారు అడుగు మాత్రం వదలొద్దని చెప్పాను. ఒకసారి స్వాతి, తనకున్న వెచ్చని గరాజ్‌లో మా కారు పెట్టుకోమంది. పిన్నిగారు ఒప్పుకోలేదు. "చలికి ఉప్పు పడుకుంటుంది. వెచ్చబడితే లేచి తింటుంది. ముందు కడుగు, తర్వాత పెట్టు." కడిగాకే పెట్టాను. నా జీవితంలో ఒక పనిని మొదలుపెట్టి, ఎవరూ చూడకపోయినా, మధ్యలో వదలకుండా చేసింది అదే మొదలు.

మంచు పూర్తిగా పోయాక ఆవిడ మళ్లీ బియ్యం సంచి పరిచారు. ఈసారి పద్మను కూడా పిలిచి పక్కన పడుకోబెట్టుకున్నారు. కారు కిందనుంచి రెండు జతల కాళ్లు, గుసగుసలు. నేను బయట పరీక్ష రాసిన పిల్లాడిలా నిలబడ్డాను. నేను రాయకుండా ఎగ్గొట్టిన పరీక్షలకు కూడా అంత భయపడలేదు. పద్మ బయటికొచ్చి, జుట్టులో ఇసుక దులుపుకుని, లోపలికి వెళ్లిపోయింది. ఆ వారంలోనే ఆమె ఇంట్లోంచి హాస్పిటల్‌వాళ్లతో ఫోన్ మాట్లాడుతుంటే వినబడింది. "మీ కారు కూడా చూపించండి, మా ఆయన చేస్తారు" అంటోంది ఎవరితోనో. మా ఆయన జోకులేస్తారు అనడం చాలాసార్లు విన్నాను. చేస్తారు అనడం వినడం అదే మొదలు. ఆ అక్టోబరులో ఒక నర్సు కారుతో మొదలైన పని, ఇవాళ షెడ్డుదాకా వచ్చింది. ఎవరి కారు తెచ్చినా ముందు నేల మీద పడుకుని చూస్తాను. మెరుపు చూసి తీర్పు చెప్పను. కార్లనే కాదు, మనుషుల్ని కూడా. తళతళలాడుతూ వచ్చి "అంతా బాగుంది భయ్యా" అనే కుర్రాళ్లను కూర్చోబెట్టి, ఇంకో కప్పు టీ పోసి, మళ్లీ అడుగుతాను.

స్వాతి ఉద్యోగం బెంటన్‌విల్‌కి మారడంతో ఆవిడ కూడా వెళ్లిపోయారు. పోయిన ఏడాది అక్కడే కన్నుమూశారు. స్వాతి ఇక్కడి పాత స్నేహితులందరినీ ఒకచోటికి పిలిచి, తలా ఒక మాట చెప్పమంది. నా వంతు వచ్చాక, అలవాటు కొద్దీ జోకులోకి దూరాను. "ఇంతమందిని నవ్వించాను గానీ, పిన్నిగార్ని ఒక్కసారి కూడా నవ్వించలేకపోయాను. నా సర్వీసులో అదొక్కటే ఫెయిల్" అన్నాను.

భోజనాల దగ్గర స్వాతి నా ప్లేట్‌లో పులిహోర వడ్డిస్తూ ఆగింది.

"నవ్వలేదని ఎవరు చెప్పారు అన్నయ్యా? ఇంటికొచ్చి, తలుపేసుకుని, కళ్లనీళ్లొచ్చేలా నవ్వేది. నీ ముందు నవ్వితే, పని వదిలేసి కారు కిందనుంచి బయటికొచ్చేస్తావని భయం."