గౌరమ్మ పక్కన వచ్చి కూర్చున్న ఫోటో

ఎవరిని అడగాలో తెలియక మీకే రాస్తున్నాను. నా బతుకమ్మ పాటల బ్లాగులో, వచ్చి చూసినవారి ఫోటోలు కనిపించే పెట్టె ఒకటి ఉంది కదా. ఈ రోజు అందులో, సరిగ్గా గౌరమ్మ పటం పక్కన, ఒంటిమీద బట్టలు సరిగా లేని అమ్మాయి ఫోటో వచ్చింది. రేపు మా ఉధ్నా పేటలోని తెలుగు ఆడవాళ్ళు పాటలు నేర్చుకోవడానికి ఆ పేజీనే తెరుస్తారు.

"మమ్మీ, ఆ డబ్బానే తీసెయ్. గా ఫోటో నకిలీది, వెనుక ఎవడో మొగోడుంటడు," అంది మా అమ్మాయి.

"నిజంగ ఆడపిల్లయితే? ఇంటికొచ్చినామెను బొట్టు పెట్టకుండ ఎట్ల పంపుతమే?"

"మొగోడైతే గూడ పెడ్తవా బొట్టు?"

పెట్టె తీసేస్తే రోజూ వచ్చే మీ ముఖాలు కూడా పోతాయి. అందుకని దాన్ని పేజీ అడుగుకు దించాను. ఇప్పుడు చూస్తే గౌరమ్మకు దూరమైంది మీరంతా; ఆ అమ్మాయి మీ మధ్యనే నవ్వుతూ కూర్చుంది. నేను చేసింది సరైనదేనా, చెప్పండి.