చిన్న దవడలో పాత లెక్క

రెండో ప్రపంచయుద్ధం ఇంకా ముగియని రోజులు. వరంగల్లులో జంపఖానాలు నేయించే ఒక సావుకారు దగ్గర లెక్కలు చూసేవాణ్ణి. అప్పటికి నలభై దాటాయి. ఎడమ బుగ్గలో జర్దా పెట్టుకోవడం ఎన్నో ఏళ్ల అలవాటు. ఆ బుగ్గలోనే, చివరి పన్ను వెనుక, ఒకనాడు నాలుకకు గట్టిగా వాపు తగిలింది.

అంతకు ముందటి ఏడాదే మా దుకాణం గుమాస్తా ఒకాయన బుగ్గలో పుండు లేచి చనిపోయాడు. ఆయనదీ జర్దానే. బుగ్గ గట్టిపడిన నాటి నుంచి పాడె లేచేదాకా ఆయనకు ఎన్ని నెలలు పట్టిందో నాకు తెలుసు. లెక్కలు వచ్చినవాడికి అదే శాపం. అక్కర్లేనివి కూడా వాటంతటవే కూడుకుంటాయి. జర్దా డబ్బా మూత తీయడం మానేశాను. ఇంట్లో చెప్పలేదు. అన్నం కుడివైపే నమిలి త్వరగా లేచేవాణ్ణి.

నోరు సరిగా తెరుచుకోని రోజున ఇక వెళ్లక తప్పలేదు. సుబేదారి పేటలో ఒక ముసలి డాక్టరు ఉండేవాడు. వేలు పెట్టి పంటి చిగురు నొక్కాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన నవ్వాడు.

"పుండు గాదు, ఏం గాదు. కడపటి పన్ను వస్తాంది. కింద ఎన్ని పండ్లున్నయ్ నీకు?"

"పదిహేను సాబ్. రోజూ నాలుకతోటి లెక్కవెడ్తాన."

"ఇది పదహారోది. జాగ లేక అడ్డం తిరిగింది. జర ఆలస్యంగ వచ్చింది, అంతే."

నేను నమ్మలేదు. చోటే లేనప్పుడు పదహారో పన్ను ఎందుకుంటుందని అడిగాను. ఆయన బీరువాలోంచి ఒక ఇంగ్లీషు పుస్తకం తీసి బొమ్మ చూపించాడు. జర్మనీలో ఇసుక తవ్వేచోట దొరికిన దవడ అట. మనిషి జాతిదే, కానీ గడ్డం ముందుకు లేదు. ఎముక మాత్రం రోకలంత దిట్టం. వేలు పెట్టి పళ్లు లెక్కపెట్టాను. పదహారు. చివరిది కూడా ఇరుకు లేకుండా నిటారుగా నిలబడి ఉంది.

"ఎన్నేండ్ల కిందిది సాబ్?"

"లక్షల ఏండ్లు. గిన్ని అని ఎవ్వలకు తెల్వదు."

తెలియదని చెప్పినందుకు ఆయన మీద గురి కుదిరింది. నిప్పు మీద వండుకుని మెత్తగా తినడం మరిగాక తరతరానికీ దవడ చిన్నదవుతూ వచ్చిందనీ, పళ్ల లెక్క అంత తొందరగా తగ్గలేదనీ వివరించాడు. మగ్గం మీద వెడల్పు తగ్గించి పోగులు తగ్గించకపోతే ఎక్కడో ఒకచోట ముడత పడుతుంది. ఆ ముడత నా బుగ్గలో పడింది. అంతే. గుండెల మీది బరువు దిగిపోయింది.

"అయితే మనం కోతులకు పుట్టినోళ్లమేనా సాబ్?"

"కోతీ నువ్వూ ఒక్క ముత్తాత వారసులు. ఇగ నోరు తెరువు."

పీకిన వైనం రాయను. పన్నును కాగితంలో చుట్టుకుని ఇంటికి వచ్చి, నా భార్యకు అంతా చెప్పాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పదిరోజుల సంది డబ్బా ముట్టుకుంటలేవు. నాకు కండ్లు లేవనుకున్నవా? నువ్వు మంచిగైతే జర్దా ఇడిపిస్తనని భద్రకాళమ్మకు మొక్కిన."

"రోగమే లేకపాయె, ఇగ మొక్కేంది? లక్షల ఏండ్ల కింది లెక్క అది."

"పన్ను పాతదే గావచ్చు. మొక్కు మొన్నటిది. తే, డబ్బా ఇటు తే."

డబ్బా ఇచ్చేసి, నమిలే పని లేని జొన్న గట్క తాగి, చాలా రోజుల తర్వాత హాయిగా పడుకున్నాను. తెల్లవారి ఆమె ఆ డబ్బా కడిగి, లవంగాలు పోసి, మళ్లీ నా జేబులోనే పెట్టింది.