కాలువ గట్టు చుట్టూ రెండు కబుర్లు

చావు కబురు సైకిలు మీద పోయేది, మా చిన్నప్పుడు...

మా ఊరు ప్రొద్దుటూరికి దగ్గర్లోనే, కాలువకూ పెన్నకూ మధ్య. ఒకరోజు తెల్లవారేసరికి మా జేజి, నాన్న వాళ్లమ్మ, పోయింది. జమ్మలమడుగు, పులివెందుల చుట్టాలకు చెప్పడానికి పెద్దవాళ్లు బస్సెక్కారు. కాలువ గట్టు ఊళ్లకు మిగిలింది నేను. పదకొండేళ్లవాణ్ణి... సీటు అందదు. కడ్డీ సందులో కాలు దూర్చి తొక్కేవాణ్ణి.

మా పెదనాయన తన సైకిలు నా చేతికిచ్చి, "గడప దాటొద్దు. కూచోవద్దు. నీళ్లిచ్చినా తాగొద్దు. పోయొస్తా అని మాత్రం అనొద్దురా" అన్నాడు.

చావు కబురు తెచ్చినవాడు మళ్లీ వస్తానని చెప్పకూడదు. చెబితే ఆ ఇంటికి ఇంకో చావు వస్తుందని మా వాళ్ల భయం.

చుట్టు చిన్నదే. కాలువ గట్టు మీద తిన్నగా పోయి, కుందేరు పెన్నలో కలిసే చోట కిందికి దిగి, ఏటి గట్టు పట్టుకొని ఇల్లు చేరడం. మూడు ఊళ్లు, మూడు ఇళ్లు. ఎత్తూ పల్లం లేని దారి... సెలవుల్లో ఆటగా తొక్కే దారే.

ఆ రోజు నాకు ఏమీ అనిపించలేదండీ... జేజి పక్కలో పడుకొని, ఆమె కొంగు చివర చప్పరిస్తూ పెరిగినవాణ్ణి. ఒక్క కన్నీటి చుక్క రాలేదు. గట్టు మీద రాళ్లకు హ్యాండిలు అదిరి అదిరి చేతులు తిమ్మిరెక్కాయి. లోపలా అదే తిమ్మిరి. కాలువ నిండుగా పారుతోంది. ఎవరో పాడి ఎనుములు కడుగుతున్నారు. అన్నీ కళ్లకు కనిపిస్తున్నాయి, ఏదీ లోపలికి రావడం లేదు.

"జేజి పోయింది. సాయంత్రం నాలుగింటికి ఎత్తుతారు." మొదటి ఇంట్లో అంతే చెప్పాను. వాళ్లు గుండెలు బాదుకున్నారు. పాఠం ఒప్పజెప్పినవాడిలా సైకిలు తిప్పుకొని వచ్చేశాను. రెండో ఇంట్లోనూ అంతే. కుందేరు కలిసే చోట ఆగి దోసెడు నీళ్లు తాగాను... రుచి తెలియలేదు.

మూడో ఇల్లు లక్షుమ్మత్తది. మా నాన్నకు వరసకు చెల్లెలు. కబురు వినగానే కూలబడి ఏడ్చింది. అంత ఏడుపులోనూ నా ముఖం చూసి, లేచి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఎండకు మాడిపోయినావు, రెండు గుక్కలు తాగరా అని బతిమాలింది. తల అడ్డంగా ఊపాను. సైకిలు తిప్పాను. రోజూ అలవాటైన నోరు...

"పోయొస్తా అత్తా" అనేశాను.

చెంబు పట్టుకొని అలాగే నిలబడిపోయింది అత్త. నేను వెనక్కి చూడకుండా తొక్కాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్లకు ఆ అత్త భర్త, మా మామ, పోయాడు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం అది నేను పిలిచిన చావే. తర్వాత నేను కలమల్ల పక్కన కరెంటు ప్లాంటులో పనికి కుదిరి ముద్దనూరులో కాపురం పెట్టాను. పెళ్లిళ్లలో అత్త కనిపిస్తే పలకరించేవాణ్ణి. ఆమె ఇంటి గడప దగ్గరికి మాత్రం పోలేదు... యాభై ఏళ్లు దాటింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే... పోయిన వారం మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టిందండీ! పెళ్లయిన తొమ్మిదేళ్లకు! ఎన్ని మొక్కులో, ఎన్ని ఆస్పత్రులో... మీ అందరి నోటి చలవ. ప్రొద్దుటూరు ఆస్పత్రిలో నర్సమ్మ పిల్లను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. చుట్టూ అందరూ నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు. నాకు చేతులు తిమ్మిరెక్కాయి. మళ్లీ అదే తిమ్మిరి... ఇంత సంతోషం కూడా నా లోపలికి రాదా అని భయమేసింది.

ఫోన్లో ఫోటో పెడితే ఒక్క నిమిషంలో అందరికీ తెలుస్తుంది కదా నాయనా అంది మా అమ్మాయి. వినలేదు. ఊరికి పోయి, తెలిసినవాళ్ల సైకిలు అడిగి, చక్కెర పొట్లాలు హ్యాండిలుకు తగిలించుకొని అదే చుట్టు తిరిగాను. కాలువకు ఇప్పుడు సిమెంటు గోడలు. మొదటి రెండు ఇళ్లలో కొత్త తరం పిల్లలు... నేనెవరో చెప్పుకొని చక్కెర ఇచ్చి వచ్చాను. తిమ్మిరి తగ్గలేదు.

లక్షుమ్మత్త వసారాలో మంచం మీద ఉంది. ఎనభై దాటిన మనిషి. గడప బయటే, సైకిలు దిగకుండా ఒక కాలు నేలకు ఆనించి నిలబడ్డాను.

"ఎవురప్పా అది?"

"నేను అత్తా, సుబ్బయ్యను."

కళ్లు చిట్లించి చూసింది. "ఆ పొద్దు పోయొస్తా అంటివి గదరా. ఇంత సేపయిందా రావడానికి?"

ఆమెకు గుర్తుంది! మనవరాలి సంగతి మరిచిపోయి, మామ నా వల్లే పోయాడేమో అత్తా అని మొత్తం చెప్పేశాను.

"ఓరి పిచ్చోడా... మీ మామకు శానా ఏండ్ల నుంచి ఆయాసం. నీ మాటకు పోయే మనిషా ఆయప్ప? నువ్వు పోయినాక ఇద్దరం ఒకటే నవ్వు. వాడు మల్లా వస్తాడులే, అప్పుడు తాపుదువు నీళ్లు అని మీ మామ అంటాండె."

లోపలికి రమ్మంది. గడప దాటాను. కూర్చున్నాను. కోడలు చెంబుతో నీళ్లిచ్చింది. తాగాను... తియ్యగా ఉన్నాయి. అప్పుడు ఏడ్చానండీ... మనవరాలి కోసమో, మామ కోసమో, యాభై ఏళ్ల కిందట పోయిన జేజి కోసమో... మనవరాలు పుట్టిందని చెప్పి, అత్త నోట్లో చక్కెర వేస్తూ ఏడ్చాను, నవ్వాను.

లేచి సైకిలు తీస్తుంటే అత్త అడిగింది. "ఏందిరా, ఏమీ చెప్పకుండా పోతాండావు?"

"పోయొస్తా అత్తా."

ఇప్పుడు చావైనా పుట్టుకైనా ఫోన్లో ఒకటే చప్పుడుతో వస్తోంది... గుమ్మం ముందు నిలబడి చెప్పే మనిషి లేడు. మీరూ వస్తామని చెప్పి ఇంకా తిరిగిపోని గడప ఏదైనా ఉంటే, కింద రాయండి నాయనా... రాసి, వీలు చూసుకొని ఒకసారి పోయి రండి.