హవల్దారు గారి ఉదయపు గైర్హాజరు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, జూన్ నెలాఖరులో, రాజమహేంద్రవరంలోని మా డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ గారు నాకొక అదనపు బాధ్యత అప్పగిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అప్పటికి నేను ఆఫీసు సూపరింటెండెంటుని. అంటే ప్రిన్సిపాల్ సంతకం పెట్టే ప్రతి కాగితాన్నీ ముందు నేను చదవాలి. కొత్త బాధ్యత పేరు 'మాజీ సైనిక విద్యార్థుల సహాయ విభాగం, ఇన్‌చార్జి'. విభాగంలో విద్యార్థి ఒక్కరే. బోర్డు మాత్రం ఆరడుగులది రాయించారు.

ఆ ఒక్కరు హవల్దార్ వీర్రాజు. హవల్దార్ అంటే చేతి మీద మూడు పట్టీల హోదా, పదిమంది జవాన్లను నడిపించే మనిషి. పదిహేడేళ్ల సర్వీసు తర్వాత రావులపాలెం దగ్గర సొంతూరికి వచ్చి, మా దగ్గర బి.ఏ. మొదటి సంవత్సరంలో చేరారు. ఆయనకు స్కూలు మాస్టారు కావాలని ఉంది. సైన్యం ఇచ్చే డిగ్రీ సమాన పత్రం కొన్ని ఉద్యోగాలకు పనికొస్తుంది గాని బి.ఎడ్. సీటుకు పనికిరాదు. ముప్ఫై ఏడేళ్ల వయసులో మూడేళ్ల డిగ్రీ, ఆపైన బి.ఎడ్., ఇందులో ఒక్క ఏడాది కూడా పోగొట్టుకునే వీలు లేదని చేరిన రోజే చెప్పారు. నేను ఫైలులో రాసుకున్నాను.

ఆ తర్వాత వరండాలో కనిపించినప్పుడల్లా "అంతా బాగుందాండి?" అని అడిగేవాణ్ణి. "బాగుందండి" అనేవారు. ఆ నెల నివేదికలో 'సహాయం అందించడమైనది' అని రాసేవాణ్ణి.

అక్టోబరులో హాజరు తక్కువైనవారి జాబితా నోటీసు బోర్డు ఎక్కింది. డెబ్భై ఐదు శాతం ఉండాలి. అరవై ఐదు దాకా డాక్టరు సర్టిఫికెట్ పెట్టి గట్టెక్కవచ్చు. అంతకన్నా తగ్గితే పరీక్ష లేదు, మరుసటి ఏడు జూనియర్ల పక్కన కూర్చోవాలి. వీర్రాజు గారిది సరిగ్గా యాభై.

సరిగ్గా యాభై ఎవరికీ రాదు. రిజిస్టర్ తెప్పించాను. మా కాలేజీలో పూటకొక హాజరు, ఆ పూట మొదటి పీరియడ్‌లో తీసుకుంటారు. ఈయన ఒక్క మధ్యాహ్నమూ మానలేదు, ఒక్క ఉదయమూ రాలేదు. స్టాఫ్ రూములో దీనికి అప్పటికే కారణం కనిపెట్టారు: మిలిటరీ మనిషి, చవక మందు దొరికే యానాం ఎంత దూరం, పొద్దున్నే లేవలేకపోతున్నాడని. నేనూ నమ్మాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు ఆయనే ఆఫీసుకి వచ్చారు. తప్పు జరిగిందని అనలేదు. జాబితాలో తన పేరు చూశానని చెప్పి, "వచ్చే ఏడు మళ్ళీ ఎప్పుడు రిపోర్ట్ చెయ్యాలండి?" అని అడిగారు. కుర్చీ చూపించినా నిలబడే ఉన్నారు.

ఉదయం ఎందుకు రావడం లేదని అడిగాను.

"రోజూ వస్తున్నానండి. మొదటి బెంచీ."

"మరి పేరు పిలిచినప్పుడు పలకరేంటండి?"

"పిలవలేదండి. పిలవకుండా పలకడం మా దగ్గర తప్పండి. మేడం గారు రోజూ నన్ను చూసి తల ఊపేవారు. ఆవిడ దగ్గర వేరే లిస్టు ఉందేమో అనుకున్నాను."

ఉదయం మొదటి పీరియడ్ చరిత్ర. చెప్పేది స్రవంతి అనే అమలాపురం అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. పిలిపించి అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మా బాబాయి గారంత వయసండి ఆయనది. ఉత్త పేరు పెట్టి ఎలా పిలుస్తానండి? గారు అంటే పిల్లలు నవ్వారు. ఎదురుగానే ఉన్నారు కదా అని గడి ఖాళీగా వదిలేశాను, తర్వాత నింపుదామని."

మధ్యాహ్నం క్లాసు మాస్టారు రిటైర్మెంటుకి దగ్గరపడినవారు, ప్రిన్సిపాల్‌ని తప్ప అందర్నీ ఒరేయ్ అనేవారు. అందువల్ల అక్కడ ఏ ఇబ్బందీ రాలేదు.

ఖాళీ గడులను గైర్హాజరుగా ఎక్కించినందుకు కంప్యూటర్ ఆపరేటర్ మీద కేకలేశాను. ఆయన ఒక పాత సర్క్యులర్ తీసి నా ముందు పెట్టారు. 'ఖాళీగా ఉన్న గడిని గైర్హాజరుగా పరిగణించవలెను.' కింద సంతకం నాది.

మూసిన రిజిస్టర్ దిద్దాలంటే కారణం రాసి ప్రిన్సిపాల్ ఆమోదం తీసుకోవాలి. కారణం దగ్గర 'మితిమీరిన గౌరవం' అని రాశాను. ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు చదివారు. స్రవంతి రాతపూర్వక వివరణ, తోటి విద్యార్థుల సంతకాలు జతచేయమన్నారు. క్లాసు మొత్తం గంటలో సంతకాలు పెట్టింది. ఇకపై వీర్రాజు గారి పేరూ అందరితోపాటు పిలవాలనీ, మర్నాడు తానే వచ్చి చూసి సంతకం పెడతాననీ ప్రిన్సిపాల్ గారు అన్నారు.

మర్నాడు ప్రిన్సిపాల్ గారితోపాటు నేనూ క్లాసు వెనక నిలబడ్డాను. స్రవంతి వరసగా పిలుస్తూ ఆ పేరు దగ్గర ఆగింది. గొంతు సవరించుకుని "వీర్రాజు" అంది. వెనకాలే "గారు" కూడా వచ్చేసింది.

"ప్రెజెంట్, మేడం!"

కిటికీలో పావురాలు లేచిపోయాయి. పిల్లలెవరూ నవ్వలేదు. ప్రిన్సిపాల్ గారు అక్కడే ఫైలు మీద సంతకం పెట్టారు. వీర్రాజు గారు ఆ ఏడాది పరీక్షలు రాశారు.

పేరు పిలిచిన రోజు క్లాసయ్యాక ఆయన వరండాలో నా దగ్గరికి వచ్చారు.

"పదిహేడేళ్లు రోజూ పొద్దున్నే నా పేరు గట్టిగా పిలిచేవారండి. ఇక్కడ పొద్దున్నపూట ఒక్కసారీ పిలవలేదు. సివిల్‌లో ఇంతేనేమోనని అలవాటు చేసుకుంటున్నానండి."

ఆ సాయంత్రమే నా పాత సర్క్యులర్ రద్దు చేశాను. మర్యాద ఇచ్చేశాం కదా అని మనిషిని పేరు పెట్టి పిలవడం మానేస్తే, మొదటి బెంచీలో కూర్చున్నవాడు కూడా లెక్కలోంచి పోతాడు. ఇది నేర్చుకోవడానికి నాకు ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసు పట్టింది.